‘అన్నం కావాలంటే అడగండి’

2020 జూన్‌లో హోటళ్లు మళ్లీ తెరుచుకునే నాటికి నేను దర్శిలో ఒక భోజన హోటల్లో వడ్డన సూపర్‌వైజర్‌గా ఉన్నాను. బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. ఇంట్లో అమ్మ బైబిలు చదివిస్తూ నేర్పిన అక్షరాలే నా చదువు. ఆ ఉద్యోగం దేవుడి దయ అనే ఇప్పటికీ అనుకుంటాను.

మాది ఫుల్ మీల్స్ హోటలు. మొదట పెట్టింది అయిపోయాక రెండోసారి వడ్డించేదాన్ని మారు అంటారు. మా దగ్గర మారు చూసుకునేది కోటయ్య. కరోనా నిబంధనల ప్రకారం బల్లలు ఎడంగా జరిపాం, బల్లకు ఒక్కరినే కూర్చోబెట్టాం. వడ్డించేవాళ్లు ఎవరి దగ్గరికీ వెళ్లకూడదని యజమాని సుబ్బారావుగారు అన్నం, కూరలు ముందే సర్దిన కంచాలు ఇప్పించారు. గోడకు బోర్డు పెట్టించారు: ‘అన్నం కావాలంటే అడగండి.’

ఒక్కరూ అడగలేదు. పత్తి విత్తనాల కోసం టౌనుకు వచ్చే రైతులు సగం కడుపుతోనే లేచి చేతులు కడుక్కునేవారు. కొన్నాళ్లకు రావడమే తగ్గించారు. ఇలాగైతే నెలాఖరు నుంచి పార్సిళ్లే పెట్టి కోటయ్యను మానిపించక తప్పదన్నారు సుబ్బారావుగారు. కోటయ్యకు వడ్డన తప్ప వేరే పని రాదు. అతని కోసం ప్రార్థన చేసుకున్నాను.

మర్నాడు బజారులో సాంబయ్యగారు కనిపించారు. మిరప రైతు, మాకు పాత గిరాకీ. భోజనానికి రావడం లేదేమని అడిగాను.

“డబ్బులిచ్చి అన్నం అడుక్కు తినాలా మరియమ్మా? దానికి బోర్డు కూడానా!” అన్నారు.

అప్పుడు గాని నాకు తట్టలేదు. మా వైపు మారు కావాలని ఎవరూ నోరు తెరిచి అడగరు. వడ్డించేవాడే అడగాలి, తినేవాళ్లు ‘చాలు చాలు’ అనాలి. వడ్డించేవాడు ఆ మాట వినకూడదు, చెయ్యి చూడాలి. అరచెయ్యి కంచాన్ని మూసేస్తే నిజంగానే చాలు. వేళ్లు ఎడంగా ఉంటే ఇంకో హస్తం వెయ్యాలి. హస్తమంటే అన్నం వడ్డించే గరిటె. చెయ్యి చూడటానికి దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

సుబ్బారావుగారిని ఒప్పించి బోర్డు తీయించాను. వెల్డింగ్ షాపులో హస్తానికి పొడవాటి కాడ అతికించి, బల్లలకు దూరంగా సున్నంతో గీత గీయించాను. మాస్కు పెట్టుకుని కోటయ్య ఆ గీత మీద నిలబడ్డాడు. కబురు చేస్తే సాంబయ్యగారూ వచ్చారు.

“ఏంది కోటయ్యా, తెడ్డు పట్టుకున్నావు? వాడరేవులో పడవెక్కుతున్నావా?”

“కదలబాక సాంబయ్యన్నా, అన్నం నెత్తిన పడుద్ది! మారు వెయ్యనా?”

“చాలు, చాలు,” అంటూనే ఆయన వేళ్లు విడదీశారు. హస్తం కంచంలోకి వంగింది.

నెలాఖరుకు మధ్యాహ్నం పూట బల్లలు ఖాళీ ఉండటం లేదు. కోటయ్యను మానిపించే మాట యజమాని మళ్లీ ఎత్తలేదు. దేవుడికీ, ఉన్నమాట మొహం మీదే అన్న సాంబయ్యగారికీ నేను రుణపడి ఉన్నాను.

వడ్డనలో దూరం అవసరమైనంత పెంచవచ్చు. అడిగే పని మాత్రం తినేవాళ్ల మీద వెయ్యకూడదు. నేను రిటైరయ్యేదాకా, కొత్తగా చేరిన వాళ్లకు ముందుగా నేర్పింది ఇదే.