నిజం చెప్పు, కొట్ట

ఆ రోజుల్లో కాగజ్‌నగర్ పక్కనున్న మా ఊరికి పోలీస్ ఠాణా లేదు. అవసరమూ లేదు, మా నాన్న ఉండేవాడు. బాపు అంటాం. ఆదివారం గుడికి (చర్చిని మావాళ్లు గుడి అనే అంటారు) పోయేముందు పిల్లలందరినీ గోడకు నిలబెట్టి, "నిజం చెప్పుండ్రి, కొట్ట" అని, కొట్టనని మాటిచ్చేవాడు. చెప్పేవాళ్లం. కొట్టేవాడు. చెప్పినందుకు కాదట, చేసినందుకట! నేను వకీలునవడానికి ఆ వీపు మంటే కారణమని నా నమ్మకం.

ఆసిఫాబాద్ కోర్టులో నేను కొత్తగా నల్లకోటు తొడిగిన ఏడాదే బాపు మీద కేసు పడింది. పంట మేసిందని ఊరివాళ్లు ఒక ఒంటరి ముసలామె బర్రెను బందెలదొడ్డిలో పెట్టి తాళం వేస్తే, ఎవరో ఆ తాళం పగలగొట్టి దాన్ని తోలేశారు. చూసినవాళ్లు లేరు. కానీ ఆ బర్రె కోసం అంతకుముందే సర్పంచ్‌తో గొడవపడింది బాపే. ఆయన సర్కారు బడి పంతులు, రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. శిక్ష పడితే పింఛను గోవిందా (గుడి ఏదైనా ఈ మాట మాత్రం అందరిదీ). ఫోనులో ఏదో దొరుకుతుందన్న ఆశతో, బాపు చేత దాని లాకు నంబరు చెప్పించమని పోలీసులు కోర్టులో అర్జీ పెట్టారు.

నా భయం పోలీసులతో కాదు, బాపు నోటితో. అడిగితే చాలు, ఫోను నంబరేం ఖర్మ, పుట్టినప్పటి నుంచి చేసిన పాపాలన్నీ ఒప్పజెప్పే మనిషి. నోరు మూసుకోవడం అబద్ధమాడటం కాదని బస్సులో దారి పొడుగునా బతిమాలాను. అదృష్టం, నిందితుడి చేత అతని మీదికే వచ్చే మాట బలవంతంగా చెప్పించరాదని, ఫోను నంబరూ అలాంటిదేనని అప్పుడే హైకోర్టు తీర్పు వచ్చింది. దాన్ని చదువుతుంటే, మేజిస్ట్రేటు తల ఊపుతున్నారు కూడా, వెనక బాపు గుడిలో సాక్ష్యం చెప్పేవాడిలా చెయ్యెత్తి లేచాడు.

"అయ్యా, నేనొక మాట చెప్త."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కడినుంచి వచ్చిందో, అచ్చం ఆయన గొంతే నాకొచ్చింది. "బాపూ, కూసో" అన్నాను. కూర్చున్నాడు! నేను బుద్ధెరిగాక ఆయన నా మాట వినడం అదే మొదలు.

అర్జీ కొట్టేశారు. నా మొదటి గెలుపు! మరే ఆధారమూ లేక ఆ తర్వాత కేసే నిలబడలేదు, బాపు పూలదండలతో దర్జాగా రిటైరయ్యాడు. ఆ రోజు మాత్రం కోర్టు బయట చాయ్ తాగుతూ, గెలిచిన ఊపులో ఉండబట్టలేకపోయాను.

"బాపూ, నిజం చెప్పు, కొట్ట. తాళం నువ్వే పలగ్గొట్టినవా?"

బాపు చాయ్ నిదానంగా ఊదుకున్నాడు. "హైకోర్టు చెప్పింది నీకు సుత వర్తిస్తది బిడ్డా" అన్నాడు.

నేను మళ్లీ అడగలేదు. ఆ బర్రె ఈనినప్పుడల్లా ముసలామె మా ఇంటికి గిన్నెడు జున్ను పంపుతుంది. బాపు మాట్లాడకుండా తింటాడు. నేను వకీలును కదా, అడగకుండా తింటాను.