మేడమ్ గారి మైనస్ గుర్తు

నాతోపాటు ఫిజిక్స్ చెప్పే మేడమ్ గారు పోయారని మంగళవారం పొద్దున్న ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. మండపేటలో మా డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూంలో పద్దెనిమిదేళ్ళు ఆవిడ పక్క సీటు నాది. ఏడుపొచ్చింది. ఇక ఆవిడ నన్ను మించలేరు కదా అన్న పాడు ఊరట కూడా వచ్చింది. దాచుకోవడమెందుకు, ఆవిడంటే నాకు కుళ్ళు.

పీహెచ్‌డీ నాది, బుర్ర ఆవిడది. కొన్ని స్వచ్ఛమైన స్ఫటికాల్లో ఎలక్ట్రాన్లు విడివిడిగా కాక చిక్కటి ద్రవంలా కలిసి పారతాయి. ఆ చిక్కదనాన్ని నేరుగా లెక్కకట్టడం మహా కష్టం. అందుకని పొడవు, వెడల్పు, ఎత్తులకి తోడు ఇంకో కొలత ఉన్న ఊహాలోకంలో బ్లాక్ హోల్‌ని పెట్టి, ఆ తేలిక లెక్క చేసి, దీని జవాబు అందులోంచి తీస్తారు. నలభై దాటాక ఆవిడ ఇంటర్నెట్‌లో పాఠాలు విని ఈ విద్య నేర్చారు. పిల్లల్ని కాలవ గట్టుకి తీసుకెళ్ళి నీళ్ళలో ఎండుటాకులు వేయించేవారు.

“చూడండర్రా, నడిమధ్యలో ఆకు పరిగెడుతోంది, గట్టు పక్కది నడుస్తోంది. ఎలక్ట్రాన్లూ అంతే.”

ఆ గుంపులో నా క్లాసు పిల్లలు కనపడితే కడుపు మండేది. ఆవిడకి తెలియకుండా ఇంట్లో కూర్చుని నేనూ అదంతా నేర్చుకున్నాను. నాకు చదువు మీద మళ్ళీ ఇష్టం పుట్టిందంటే ఆవిడ చలవే.

ఒకసారి తన లెక్క నాకిచ్చారు. “మీరు చూశాకే సైన్సు పత్రికకి పంపుతానండి మాస్టారూ.”

రెండో పేజీలోనే తప్పు కనపడింది. ఆ లెక్కలో బ్లాక్ హోల్ అంచు దగ్గరికొచ్చిన అల లోపలికే పోవాలి. ఆవిడ బయటికి రానిచ్చారు. దాంతో ఎన్నడూ మైనస్ కాకూడని చిక్కదనానికి మైనస్ గుర్తు వచ్చింది. అదేదో రాసే పద్ధతిలో తేడా అనుకుని కొట్టేశారు.

“భేషుగ్గా ఉందండి” అన్నాను.

ఆ తప్పే ఎత్తిచూపి పత్రిక వాళ్ళు తిప్పి పంపారు. ఆవిడ పగలబడి నవ్వారు. “చూశారా మాస్టారూ, మనిద్దరి కళ్ళూ కప్పింది!”

మనిద్దరి అన్నారు. నేను తలూపాను. సరిచేసిన వ్యాసం అచ్చయినప్పుడు, ఓపిగ్గా చదివినందుకు నాకు కృతజ్ఞతలు కూడా రాశారు. ఆ పేజీ ఎవరికీ చూపించలేకపోయాను.

అంత్యక్రియల నాడు చర్చిలో ప్రార్థన అయ్యాక ఆవిడ భర్త ఒక కవరు నా చేతిలో పెట్టారు. “కొత్త లెక్కటండి, సగంలో ఆగిపోయింది. మీకే ఇమ్మంది. మీరు చూడందే ఏదీ పంపేది కాదు కదండీ.”

రెండు రోజులు అందులో తప్పు కోసం వెతికాను. ఒక్కటి దొరికినా ఈసారి చెప్పేద్దును. ఒక్కటీ లేదు. దానికీ కుళ్ళుకున్నాను. ఆఖరి పేజీలో సమానం గుర్తు వేసి ఆపేశారు. పక్కన ఏం రావాలో నాకు తెలుసు.

నెల పోయాక స్టాఫ్ రూంలో ఆ కాగితాలు ముందేసుకుని, పెన్సిల్ చెక్కుకుని, అలవాటుగా పక్కకి తిరిగాను. “మేడమ్ గారూ, అప్పుడు ఆ తప్పు నాకు కనపడిందండి.”

ఆ సీట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి తలెత్తింది. “ఏంటండీ?”

“ఏం లేదమ్మా” అన్నాను. పెన్సిల్ మొన ఆ సమానం గుర్తు పక్కన, కాగితాన్ని తాకకుండా ఆగి ఉంది.