సేప అన్నందుకు

2022లో నేను విజయనగరంలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పిల్లలకు మాట ఎక్కడ ఆగిందో కనిపెట్టి, వచ్చేలా చేయడం నా పని. ఆ వానాకాలం శృంగవరపుకోట వైపు నుంచి ఒకావిడ ఆరేళ్ల కూతురు గౌరిని తీసుకొచ్చింది. చేతిలో ప్రైవేటు స్కూలు వాళ్ల చీటీ ఉంది. పిల్ల క్లాసులో నోరు తెరవడం లేదట. స్పీచ్ డిలే, అంటే వయసుకు తగ్గ మాట రాకపోవడం, అని వాళ్ల అనుమానం. అదే నిజమైతే ఒకటో తరగతిలో ఉంచుకోరట.

ఆర్టిక్యులేషన్ టెస్టు పెట్టాను. బొమ్మ చూపిస్తే పిల్ల పేరు చెప్పాలి, పలకని అక్షరాలు మేం రాసుకుంటాం. చేప బొమ్మకు గౌరి "సేప" అంది. చెట్టుకు "సెట్టు" అంది. రెండుచోట్లా తప్పు పెట్టి, "చేప అనమ్మా" అన్నాను. అంతే, నోరు మూసేసుకుంది. తర్వాత రెండు వారాలు బొమ్మలు మార్చాను, బుడగలు ఊదాను. ఒక్క మాట రాలేదు. రిపోర్టేదని స్కూలు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. విసుగెత్తిపోయాను. పిల్ల మీద కూడా విసుక్కున్నానని ఒప్పుకోవాలి.

నాలుగోసారి తల్లికి బదులు, వేరే ఊళ్లో ఉండే అమ్మమ్మ తోడొచ్చింది. నేను లోపల ఫైలు వెతుకుతుంటే వరండాలోంచి గౌరి గొంతు వినిపించింది. ఇంట్లో మేక ఈనిన సంగతి, ముందు పుట్టిన పిల్ల ఎలా లేచి నిలబడిందో, రెండోదానికి పాలెలా పట్టారో, ఆగకుండా ఆమెకు చెబుతోంది. వరస తప్పలేదు, మాట తడబడలేదు.

మరి బడిలో ఎందుకు మాట్లాడదని అమ్మమ్మను అడిగాను.

"ఏటి మాటాడతాదమ్మా? ఇది 'ఏటి' అన్నాదని పిల్లలందరూ నవ్వీసినారట. టీచరమ్మ సరిగ్గా మాటాడమన్నాదట. మా అమ్మాయేమో, మన మాటలు అక్కడ మాటాడకే అని సెప్పీసినాది. ఇంకేటి మిగిలినాది దానికి?"

టెస్టు కాగితం చూసుకుంటే సిగ్గేసింది. మా అమ్మ కూడా చేపను సేప అనే అంటుంది. ఆవిడకెప్పుడూ నేను తప్పు పెట్టలేదు.

ఏ లోపమూ లేదని రిపోర్టు రాసి, నేనే పట్టుకెళ్లాను. ప్రిన్సిపాల్ మర్యాదగానే విన్నాడు.

"ఆ భాష పోవాలనే కదా మేడమ్, పిల్లల్ని మా దగ్గరికి పంపుతున్నారు" అన్నాడు.

ఇంటి మాటకు నవ్వితే బడి మాట రాదని, ఉన్నది కూడా పోతుందని గంటసేపు వాదించాను. చివరికి పిల్లను ఒకటో తరగతిలోనే ఉంచారు. టీచరుకు కూడా చెబుతామన్నారు. చెప్పారో లేదో నాకు తెలియదు.

దసరా సెలవులయ్యాక తల్లి ఫోన్ చేసింది. "ఇప్పుడు మరీ ఎక్కువ మాటాడతన్నాదని టీచరు అంటన్నారు, మేడమ్" అంది. సంతోషించాలో, మళ్లీ ఆ స్కూలుకు పరిగెత్తాలో తెలియలేదు.

ఇప్పుడు ఏ పిల్లకైనా టెస్టు పెట్టేముందు ఇంటివాళ్లతో కాసేపు మాట్లాడతాను. వాళ్లెలా పలుకుతారో విన్నాకే పిల్ల పలుకు తప్పో కాదో రాస్తాను. అన్నేళ్లు చదివినా ఈ సంగతి నాకు తట్టలేదు. గౌరి మొదటి రోజే "సేప" అని చెప్పింది, మూడు వారాలు వినిపించుకోనిది నేనే.