ట్రాక్టరెక్కిన ఊరు

ఒక ఊరిని ట్రాక్టర్ మీద వేసుకొని పెద్దపల్లి పక్క నుంచి కరీంనగర్ దాకా తెచ్చినవాణ్ణి నేను. ఇరవై రెండు ఇళ్లు, ఒక బావి, ఇప్పచెట్టు, కమ్మరి కొలిమి, మేకల మంద, అన్నీ ఒక్క ట్రిప్పులో. శ్రీరాంపూర్ కాలనీలో ఏ చాయ్ హోటల్లో అడిగినా ఈ మాట చెప్తారు. వాళ్లకు చెప్పింది నేనే కాబట్టి చెప్తారు.

సరే, ఊరంటే ఊరు కాదు. ఊరి బొమ్మ వేసిన గోడ. గోడ కూడా పెద్దదేం కాదు, ఆరడుగుల పొడవు, నా గడ్డం దాకా ఎత్తు. ఇళ్లు ఇరవై రెండు లేవు, పద్నాలుగే. మిగిలిందంతా నిజం. బయలుదేరినప్పుడు మేకలు కూడా ఉన్నాయి.

మా మనుమరాలు కరీంనగర్‌లో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్. పోయిన ఎండాకాలం బడి హాలు ఖాళీగా ఉందని వలస మీద ఒక ప్రదర్శన పెట్టింది. ఊరు విడిచినవాళ్లు వెంట తెచ్చుకున్న వస్తువులు, బొమ్మలు, పాటలు ఒకచోట చేర్చి, వాళ్లనే పిలిచి మాట్లాడించాలని ఆమె కోరిక. దుబాయి పోయొచ్చినవాళ్ల పెట్టెలు వచ్చాయి. నేను మా బాపు తన ఊరి నుంచి బొగ్గు గనికి తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఇచ్చాను. దాన్ని నెత్తిన పెట్టుకొని మూడు రోజులు నడిచి వచ్చాడని ఆమెతో చీటీ కూడా రాయించాను. మా బాపు బస్సులో వచ్చాడు.

"ఇటుక బట్టీలల్ల ఒడిశా నుంచి వచ్చినోళ్లున్నరు తాతా, వాళ్లను గూడ పిలువాలె. కని వాళ్ల భాష నాకు రాదు" అన్నది మనుమరాలు.

"నాకస్తది" అన్నాను.

గనిలో నేను టింబర్‌మన్‌ని. పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం నా పని. నాతో ఒడిశావాళ్లు పనిచేసేవాళ్లు. వాళ్ల మాటలు నాకు నాలుగు వచ్చు. అందులో మూడు తిట్లు. ఆ నాలుగు మాటలు పట్టుకొని మనుమరాలి స్కూటీ వెనక కూర్చొని బట్టీకి పోయాను.

అక్కడ ఒక గుడిసె ముందు ముప్పై ఏళ్ల ఆడమనిషి గిన్నెలు తోముతోంది. నేను గొంతు సవరించుకొని, నాకు వచ్చిన వాటిలో తిట్టు కానిదేదో గుర్తు చేసుకొని అన్నాను. ఆమె గిన్నె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"తెలుగుల చెప్పు అజా. ఎనిమిదేండ్ల సంది వస్తున్నం ఈడికి."

అజా అంటే వాళ్ల దిక్కు తాత. ఆ మాట నాకు తెలుసునని మనుమరాలికి చెప్పాను. అప్పుడే తెలిసింది.

ఆ గుడిసె గోడ చూసి మేమిద్దరం నిలబడిపోయాం. బట్టీ వాళ్లు పచ్చి ఇటుకలనే పలచని మట్టితో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రేకు వేసుకొని ఆరునెలలు ఉంటారు. ఆ ఇటుకల మీదే ఆమె బియ్యప్పిండి నీళ్లతో, వేలితో ఒక ఊరిని వేసింది. ప్రతి ఇంటి ముందు ఎవరో ఒకరు ఉన్నారు. దంచేవాళ్లు, ఈనెపుల్లలతో చీపురు కట్టేవాళ్లు, ఊరికే కూర్చున్నవాళ్లు. బావి దగ్గర ఇద్దరు కొట్లాడుకుంటున్నారు. కొట్లాట అని ఎట్లా తెలిసిందంటే, ఇద్దరి చేతులు నడుము మీద ఉన్నాయి.

"మా ఊరు" అన్నది ఆమె. "డ్యాము నీళ్లల్ల మునిగింది. ఆ ఊళ్లెనే నా పెండ్లైన మూడేండ్లకు."

ఆమె బిడ్డకు తొమ్మిదేళ్లు. నీళ్ల కింద మాకొక ఊరుందని బట్టీలో పిల్లలకు చెప్తే అందరూ నవ్వారట. ఆ పిల్ల ఇంటికి వచ్చి తల్లినే అడిగిందట, నిజంగా ఉండెనా, నువ్వు మనసుల పుట్టించినవా అని. ఆ దినం నుంచి తల్లి పని దిగినంక రోజుకొక ఇల్లు వేసింది.

"ఊరు లేదంటే సరే అజా. లేదు. ఉండెనే లేదంటే ఎట్ల?"

మిరుగు, అదే మృగశిర కార్తె, ముంగట బట్టీ ఆఖరి కాలుపు. కాలుపు అంటే పేర్చిన పచ్చి ఇటుకలకు నిప్పు పెట్టడం. అప్పుడు గుడిసెలు కూడా విప్పి ఆ ఇటుకలను బట్టీలోనే పేరుస్తారు. ఇంకా రెండు రోజులుంది. మనుమరాలు ఫోనులో ఫోటో తీసి చూపించింది. ఆమె చూసి, "గింత చిన్నగనా మా ఊరు?" అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

అప్పుడు నా నోరు ఊరుకుందా? "గనిల గుట్టను నెత్తి మీద నిలబెట్టినోణ్ణి బిడ్డా. ఈ గోడెంత? విప్పి, కరీంనగర్ల మళ్ల నిలబెడ్త. మంది చూస్తరు. నీ బిడ్డ చూస్తది" అన్నాను. ఆమె నమ్మింది. ఆ నమ్మిన ముఖం చూశాక గోడ పక్కన నిలబడి ఇటుకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

బట్టీ ఆయన మంచివాడే, ఇటుకలు తీసుకపొమ్మన్నాడు. మరునాడు విప్పాం. నూట ఇరవై ఇటుకలు. ప్రతి ఇటుక వెనక వరుసగా నంబరు రాయాలని మనుమరాలు నాకు ఎర్ర రంగు డబ్బా, కుంచె ఇచ్చి, బడికి పనుందని పోయింది. ఆ నంబర్లు ఎట్లా రాశానో తర్వాత చెప్తాను. ఇప్పుడు చెప్పాలని లేదు.

ప్రదర్శన రోజు తెల్లవారుజామునే వరిగడ్డి పరిచి ఎత్తించాం. ఆమె భర్త, ఇంకో ఇద్దరు కూలీలు ఇటుకలతోపాటు ట్రాలీలో కూర్చున్నారు. నేను డ్రైవర్ పక్కన మడ్‌గార్డు మీద. దారిలో ప్రతి ఊరి దగ్గర నాకు సెల్యూట్ కొట్టారు. లేదు, కొట్టలేదు. ఒకాయన చెయ్యి ఊపాడు, అది డ్రైవర్‌కు.

ప్రదర్శన పదకొండు గంటలకు మొదలు. మేము ఎనిమిదింటికే చేరాం. జాగ్రత్తగా దించి పెట్టండని చెప్పి నేను చాయ్‌కి పోయాను. చాయ్ దగ్గర ఇద్దరు ముగ్గురికి ఊరిని తెచ్చిన సంగతి చెప్పవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి హాలు మధ్యలో చక్కటి ఇటుకల పేర్పు. అడ్డం ఒక వరుస, నిలువు ఒక వరుస, నడుమ సందులు. సందులు ఎందుకంటే మంట పోవడానికి. ముగ్గురూ ఏళ్ల తరబడి చేతులకు పట్టిన పనిని చేతులతోనే చేసేశారు. బొమ్మలున్న ముఖాలన్నీ లోపలికి. నిప్పొక్కటే తక్కువ.

ఆమె భర్త తన పనిని తానే చూసుకొని తల పట్టుకున్నాడు. "నెంబర్లున్నయి గదా తాతా, ఫికర్ లేదు" అన్నది మనుమరాలు. ఒక ఇటుక తిప్పింది. ఏమీ లేదు. ఇంకోటి తిప్పింది. ఏదో తెల్లగా అలికినట్టు ఉంది.

అప్పుడే ఊరు వేసినామె బిడ్డను తీసుకొని బస్సు దిగి వచ్చింది. నా ఇంటామె కూడా సర్వపిండి డబ్బాతో అదే బస్సులో దిగింది. గోడ కోసం వెతుకుతున్న ఆ తల్లి కళ్లు ఆ పేర్పు మీద ఆగాయి.

నేను మొదలుపెట్టాను. రోడ్డు బాగాలేదు. డ్రైవర్ గుంతలు చూడలేదు. గడ్డి గరుకుగా ఉంది.

"నెంబర్లు ఎవలు రాసిండ్రు?" అన్నది నా ఇంటామె.

"నేనే."

"దేంతోని?"

హాలంతా నా నోటి వైపే చూసింది. "సుద్దముక్కతోని" అన్నాను. రంగైతే ఒక్కొక్క ఇటుక ఆరేదాకా వంగి కూర్చోవాలి. మోకాళ్లు నొప్పి. పది ఇటుకలకే విసుగొచ్చి సుద్దతో గీకి పారేశాను. గడ్డి రాపిడికి సుద్ద చెరిగిపోయి, రంగు పూసిన ఆ పది ఇటుకలకు తప్ప దేనికీ నంబరు లేదు. మనుమరాలితో అన్నీ రంగుతోనే రాశానని చెప్పాను. "తప్పు నాది బిడ్డా. రోడ్డుది గాదు, వీళ్లది గాదు" అన్నాను ఊరు వేసినామెతో.

ఆమె నేల మీద కూర్చుంది. బిడ్డ ఆమె భుజం పట్టుకొని, "ఏదే ఊరు?" అంది.

ఇటుకలన్నీ దించి బొమ్మ పైకి వచ్చేటట్టు నేల మీద పరిచాం. మూడు ఇటుకలు విరిగాయి. మేకలు పోయాయి. అప్పటికే జనం రావడం మొదలైంది. భార్యాభర్తలు కూర్చొని కలపబోయారు. ఆయన కొలిమి బావికి ఈ పక్క అంటాడు. ఆమె ఆ పక్క అంటుంది. గోడ మీద వేసింది ఆమే, కానీ ముక్కలై చెదిరి పడేసరికి ఆమెకే కళ్లు తిరిగాయి. "యాదికస్తలేదు" అని చేతులు మొగం మీద పెట్టుకుంది.

నా ఇంటామె డబ్బా పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ ఆమె ఎదుట కూర్చుంది.

"గోడను యాది చేసుకోకు బిడ్డా. పొద్దుగాల లేసినంక నీళ్లకు ఏ తొవ్వల పోతుంటివి?"

"బాయికి."

"ఇంట్ల నుంచి ఎల్లినవు. ఎడమకు మల్లుతవా, కుడికా?"

"ఎడమకు."

"ఎడమకు ఎవలుంటరు?"

"మా పెద్దమ్మ. కాళ్లు చాపుకొని అరుగు మీద కూసుంటది. దాటిపోవాల్నంటే తిడ్తది."

"పెట్టు పెద్దమ్మను."

ఆమె పెద్దమ్మను పెట్టింది. పెద్దమ్మ తర్వాత చీపుర్లవాడు. చీపుర్లవాడి తర్వాత కుక్క, కుక్క తర్వాత వంపు. తొవ్వ వెంట ఇటుకలు పడుతూ పోయాయి. కొలిమి దగ్గరికి వచ్చేసరికి నా ఇంటామె, "సప్పుడు బాయి దగ్గర ఇనవడుతదా?" అని అడిగింది. "ఇనవడది, నడుమ ఇప్పచెట్టుంటది" అన్నారు భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఆమె ఉలిక్కిపడి చూస్తే హాలు నిండా మనుషులు. కలెక్టర్ గారు చొక్కా చేతులు మడిచి ఇటుకలు అందిస్తున్నారు. కలెక్టర్ కాదు, ముఖ్య అతిథిగా వచ్చిన రిటైరైన బ్యాంకు మేనేజరు. ఇటుకలు అందించింది మాత్రం నిజం.

ఇదంతా నా ఇంటామెకు ఎట్లా తెలుసు అంటారేమో. ఆమె తల్లిగారూరు గోదావరి ఒడ్డున ఉండేది, ధర్మపురికి కింది దిక్కు. ప్రాజెక్టులో మునిగింది. మునిగిన రోజు నేను చేసిన పని చెప్తాను. "ఇగ మీ అవ్వగారింటికి పోవాల్నంటే పడవ కావాలె" అని పరాచకమాడాను. చాలామందికి చెప్పి నవ్వించాను కూడా. ఆ ఊళ్లో ఆమె నీళ్లకు ఏ తొవ్వలో పోయేదో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇందులో పెంచి చెప్పిందేమీ లేదు.

చివరికి మూడు ఇటుకల సందు మిగిలింది. దూరం పోయే ప్రతి ట్రిప్పులో విరిగేవాటికి బదులుగా పది ఇటుకలు ఎక్కువ వేయడం బట్టీవాళ్ల పద్ధతి. కాబట్టి ఖాళీ ఇటుకలున్నాయి. ఏం వేయాలి?

"మేకలే ఎయ్యి" అన్నారెవరో.

"మేకలు గాదు" అన్నాడు ఆమె భర్త. "ఆడ మా అమ్మ ఇల్లుండె. నువ్వే ఎయ్యలే. పదమూడిండ్లు ఏసినవు, మా అమ్మదొక్కటి ఇడిసినవు. మేకలను ఏసినవు."

హాలంతా గొల్లున నవ్వింది. ఆమె ముఖం ఎర్రబడింది. "నీళ్లు తేను ఆలిస్యమైతె కట్టె పట్టుకొని తలుపుల నిలవడేది మీ అమ్మ. యాదికుందా?"

"ఉంది. కట్టెతోనే ఎయ్యి."

"ఎయ్యి బిడ్డా" అన్నది నా ఇంటామె. "అత్త లేని ఊరంటే ఎవలు నమ్ముతరు?"

ఎదురింటి నుంచి మనుమరాలు బియ్యప్పిండి తెచ్చింది. ఆమె వేలు ముంచి మూడు ఇటుకల మీద ఇల్లు వేసింది. తలుపులో అత్తను నిలబెట్టింది. చేతిలో కట్టె. కట్టె ఇంటి కంటే పొడుగు. ఆమె భర్త దగ్గరికి వంగి చూసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మా అమ్మే" అన్నాడు.

తర్వాత పని నాది. అడుగు నుంచి వరుస వరుసగా మట్టి పెట్టి ట్రాలీలో వచ్చిన ముగ్గురూ పేర్చారు. వెనక నేను నాలుగు కర్రలు దన్ను నిలబెట్టి, మేకులు కొట్టి, అరచేత్తో తట్టి చూశాను. గోడ కదలలేదు. ఈ ఒక్క ముక్క మాత్రం మీరు ఉన్నదున్నట్టు నమ్మవచ్చు. పోయి తట్టి చూడండి, ఇప్పటికీ అక్కడే ఉంది. బడివాళ్లు తీయనివ్వలేదు.

పన్నెండున్నరకు ఊరు లేచి నిలబడింది. ఆ తొమ్మిదేళ్ల పిల్ల గోడ ముందు నిలబడి పెద్దమ్మ దగ్గర వేలు పెట్టింది. తల్లి చెప్పిన తొవ్వ వెంట కొలిమి దాకా, చెట్టు దాకా, బావి దాకా వేలు జరుపుతూ పోయింది. కొట్లాడుకునే ఇద్దరి దగ్గర ఆగి, "వీళ్లెందుకు కొట్లాడుతున్నరు?" అని అడిగింది. తల్లి చెప్పడం మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం ఒడియా. దుబాయి పోయొచ్చిన ఒకతను ముందుకు జరిగాడు. బురఖా వేసుకున్న ఒక పెద్దామె కుర్చీ లాక్కొని గోడకెదురుగా కూర్చుంది. "ఆ బిందె నాది, ఆమె ఎత్తుకపోయింది" దగ్గర మొదలైన కొట్లాట పెండ్లిళ్ల దాకా, పంటల దాకా, నీళ్లు ఊళ్లోకి వచ్చిన రోజు దాకా పోయింది. మూడింటి దాకా ఒక్కరూ కదలలేదు. సర్వపిండి అయిపోయింది. నాకు ఒక ముక్క కూడా దక్కలేదు.

వందన సమర్పణకు మైకు నాకిచ్చారు. "ఇరవై రెండు ఇండ్ల ఊరును..." అని అందుకున్నాను.

"పద్నాలుగు అజా!" అని గోడ దగ్గర నుంచి అరిచింది ఆమె. అందరూ నవ్వారు. ఆమె అందరికంటే గట్టిగా నవ్వింది.

పోయేటప్పుడు ఆమె నా ఇంటామె చేయి పట్టుకుంది.

"అవ్వా, నీ ఊరుకు ఎన్ని ఇండ్లు?"

"చానా. లెక్క పెట్టలే."

"లెక్క పెట్టు. దసర అయినంక మళ్ల వస్తం. ఇటుకలు నేను చేస్త."

నా ఇంటామె ట్రాక్టర్ మీద కాళ్లు ముడుచుకొని కూర్చున్న నా దిక్కు ఒకసారి చూసి, "చేద్దువు గని బిడ్డా. నెంబర్లు మాత్రం నువ్వే రాయి" అన్నది.