వత్తుల పైసలు

సూరత్‌లో దారానికి కొదవ లేదు. మా గల్లీలో నడిస్తే కాలివేళ్లకు పోగులు చుట్టుకుంటాయి. మోరీల్లో, కరెంటు తీగల మీద, పిల్లల జుట్టులో కూడా దారమే. అయినా దీపంలో వేసుకోవడానికి పనికొచ్చే పోగు ఒక్కటి దొరకదు. పెళ్లయి ఇక్కడికి వచ్చిన మొదటి కార్తీకంలో, ఖటోదరాలో తాను పనిచేసే సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా నుంచి మా ఆయన తెచ్చిన దారంతో వత్తి చేశాను. వెలిగించగానే నల్లగా కరిగి బొట్లుబొట్లుగా నూనెలో పడింది. ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన వాసన.

"గిది పత్తి గాదే, పాలిస్టరు. దేవునికి పొగ బెట్టినవ్ పో," అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మరునాడు పరుపులు కుట్టే దుకాణంలో పావుకిలో దూది కొనుక్కొచ్చి నా ముందు పెట్టాడు.

వత్తులు చేయడం మా అమ్మ నేర్పింది. అక్షరాలూ ఆమే నేర్పింది. నేను బడికి పోలేదు. పొయ్యిలోని బూడిద నేల మీద పరిచి, అందులో వేలితో అక్షరం రాసి చూపేది. ఆ బూడిదే వేళ్లకు అద్దుకుని దూది పోగు సాగదీసేవాళ్లం. ఆ రెండు విద్యలు ఇచ్చినందుకు ఇవాళ్టికీ పొద్దున లేవగానే ఆమెను తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను.

కార్తీక పున్నమికి ఇంటికో కట్ట కావాలి. ఏడాదిలో రోజుకొకటి చొప్పున మూడు వందల అరవై ఐదు పోగులు కలిపి కడతాం. దీపం పెట్టలేకపోయిన రోజులన్నిటికీ ఆ ఒక్క వెలుగు సరిపోతుందని నమ్మకం. మా గల్లీలో ఉన్నవన్నీ మన తెలుగు నేత కుటుంబాలే. ఊరికే ఇద్దామనుకున్నాను. ఎదురింటి వదిన ఒప్పుకోలేదు.

"ఉత్తగ తీస్కుంటే పుణ్యమంత నీకే పోతదే. నూనె ఖర్సు నాకు, పుణ్యం నీకానే? మస్తు తెలివిగల్లదానివి నువ్వు. ఇగ పట్టు," అంటూ పది రూపాయలు నా కొంగున ముడేసింది.

ఆ మాట న్యాయంగానే తోచింది. పుణ్యం వాళ్లది. మరి ఆ పది రూపాయలు ఎవరివి? దీపం పేరు మీద వచ్చిన డబ్బుతో ఉప్పూ పప్పూ కొనడానికి నాకు మనసొప్పలేదు. అవి దేవుడివని వేరే డబ్బాలో వేశాను. ఎన్నేళ్లు పట్టినా సరే, మావాళ్లు కట్టుకున్న చిన్న గుడి ముందు నిలువెత్తు ఇత్తడి దీపస్తంభం నిలబెట్టాలని మొక్కుకున్నాను. ఆయనతో చెబితే, "మంచిదే. ఇంట్ల ఖర్సుకు నా పగార్ ఉన్నది గద," అన్నాడు.

డబ్బా నిండాక ఆయనే నా పేర ఖాతా తెరిపించాడు. మనవాళ్లుండే భివండీ నుంచి, షోలాపూర్ నుంచి కూడా కట్టలు కావాలని ఫోన్లు రావడం మొదలైంది. కూతురు పెద్దదయ్యాక, ఫోనుతో పైసలు వేసే స్కానర్ కాగితం తెచ్చి దేవుడి పటం కిందే అతికించింది. కొనడానికి వచ్చినవాళ్లు ముందు పటానికి దణ్ణం పెట్టి, తర్వాత ఫోను చూపేవాళ్లు. అచ్చం హుండీలో వేసినట్టే ఉండేది నాకు.

మూడేళ్ల కింద, హోలీ వెళ్లాక, ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. గుండె నరం పూడుకుపోయింది, స్టెంటు వేయాలన్నారు. ఉచిత వైద్యం కార్డు మాకు ఉంది కానీ గడువు దాటిపోయింది. కొత్తది కావాలంటే ఆఫీసులో ఒకసారి ఒక కాగితం తక్కువన్నారు, ఇంకోసారి వచ్చే వారం రమ్మన్నారు. ముందు డబ్బు కడితే రేపే చేస్తామని ఆసుపత్రివాళ్లు అన్నారు. కార్డు వచ్చేస్తుంది కదా అని మేం ఆగాం. ఆయన పనికి పోతూనే ఉన్నాడు.

ఒక పొద్దున చాయి తాగుతూ అడిగాడు.

"ఆ వత్తుల పైసలు ఎంతున్నయే?"

"ఎందుకు?"

"ఊకెనే అడిగిన."

"అవి మనయి గావు గదా."

"నేను గూడ అదే అంటున్న," అని గ్లాసు కింద పెట్టాడు. చెప్పులు వేసుకుని వెళ్లాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత పదిహేడో రోజున సాంచాల మధ్యే కూలిపోయాడు. కార్డు అప్పటికీ రాలేదు.

అప్పటి నుంచి చీరలకు రాళ్లు అతికించి ఇల్లు నడుపుతున్నాను. పని ఇచ్చే సేఠ్ వారానికోసారి చేతిలో నగదు పెడతాడు, దానికి కాగితం ఉండదు. అయినా పస్తులు లేవు. కూతురు చదువు మానలేదు. అందుకు దేవుడికి నేనెంతో రుణపడి ఉన్నాను. ఈ ఏడు కూతురికి బార్డోలీ వైపు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. చదువుకు అప్పు ఇస్తామన్న బ్యాంకువాళ్లు, తండ్రి లేడు కాబట్టి తల్లి ఆదాయం చూపాలన్నారు. ఆదాయపు పన్ను రిటర్ను వేసి, ఆ కాగితం వారంలో తెచ్చివ్వాలి. లేకపోతే అప్పు లేదు. అప్పు లేకపోతే సీటూ పోతుంది.

రిటర్నులు వేసే పెద్దాయన ఒకరు మా బస్తీ చివర మేడ మీద కూర్చుంటారు. గుజరాతీవారు, ఆడవాళ్లను బేన్, అంటే అక్కా, అని పిలుస్తారు. అందరూ వకీల్ సాబ్ అంటారు. ఆయన హిందీలో అన్నవి ఇక్కడ నా మాటల్లో రాస్తున్నాను. కాగితం మీద కనిపించే నా డబ్బు ఆ వత్తుల ఖాతాలోది ఒక్కటే. నా పాస్‌బుక్ తిరగేసి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకున్నారు.

"బేన్, పదకొండేళ్లలో ఒక్కసారీ తీయలేదా? మా ఇంట్లో నీలాంటివాళ్లు ఒక్కరున్నా నేనీపాటికి ఈ కుర్చీ వదిలేసి కాశీకి పోయేవాణ్ణి. ఎవరి కోసం దాచావు?"

"ఇవి నావి కావు సాబ్. దేవుడివి."

ఆయన నవ్వలేదు. "గుడికీ పాన్ కార్డు ఉంటుంది బేన్. గుడి పేర వచ్చినవి గుడివి. ఇవి నీ పేర వచ్చాయి, నువ్వు చేసిన సరుకుకు వచ్చాయి. రేపు గుడికి ఇస్తే అది నువ్వు చేసే దానం. ఇచ్చేదాకా నీ సంపాదనే. దీన్ని ధందా అంటారు, వ్యాపారం."

"టాక్స్ ఎంత పడుతుంది అంకుల్?" అని కూతురు అడిగింది.

"ఇంత చిన్న ఆదాయానికి ఏం పడదు బేటా, సున్నా. ఇది నాది అని మీ అమ్మ రాసిస్తే చాలు."

నేను ఒక రోజు గడువడిగి లేచాను. కూతురు నాకంటే ముందే మెట్లు దిగింది. ఇంటికొచ్చాక ఆగలేదు.

"నీకు ప్రాబ్లం ఏందమ్మా? టాక్స్ గూడ లేదంటుండు గదా. సైన్ కర్ దే, బస్."

"దేవునియి నాయని అబద్ధం రాసియ్యాల్నా?"

"అబద్ధం ఏడుంది? దూది దేవుడు తీసిండా? నీ ఏళ్లకు గా కాయలు ఎట్లొచ్చినయ్ మరి? నా ఫీజు ఆయనొచ్చి కడ్తడా?"

నేను దూది ముందేసుకుని కూర్చున్నాను. కూతురు గుమ్మం దగ్గరే నిలబడి, గొంతు తగ్గించి అంది.

"బాపు ఆ రోజు అడిగిండు గదా. నేను లోపట్నే ఉన్న. ఇన్న."

మూడేళ్లుగా ఆ మాట కడుపులో పెట్టుకుని నాతో తిన్నది, నా పక్కన పడుకున్నది.

పన్ను కట్టమన్నా కట్టేసేదాన్ని. నా బాధ వేరే. ఆ డబ్బు దేవుడిదైతే, ఆ పొద్దున నేను మా ఆయనకు చెప్పింది నిజం. ఇప్పుడు నాదని సంతకం పెడితే, ఆ పొద్దున కూడా అది నాదే. ఆసుపత్రిలో ముందు కట్టమన్న మొత్తం కంటే ఖాతాలో ఎక్కువే ఉందని నాకు అప్పుడే తెలుసు. ఆ వారమే పాస్‌బుక్‌లో రాయించుకుని వచ్చాను.

పటం ముందు చాలాసేపు కూర్చున్నాను. అడగాల్సిందంతా అడిగాను. పటం కింద స్కానర్ కాగితం మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి. నాకు ఆ అక్షరాలు రావు. అవేమిటో అన్నేళ్లలో ఎన్నడూ అడగలేదు.

"దీని మీద ఏం రాసున్నదే?"

"నీ పేరమ్మా. నీ పేరే ఉంటది గదా," అంది కూతురు.

మరునాడు మళ్లీ మేడ ఎక్కాం. "ధందా ఏమని రాయను?" అని అడిగారు పెద్దాయన. నా కూతురు నోరు తెరవబోయింది. నేనే చెప్పాను. "దీపం వత్తులు చేసి అమ్ముతాను సాబ్. నేనే చేస్తాను." ఆయన కంప్యూటర్లో టకటకా కొట్టి, "నీ ఆధార్‌కు ఇచ్చిన ఫోనుకు ఆరంకెల నంబరు వస్తుంది, చూసి చెప్పు," అన్నారు. దాన్నే ఇప్పుడు సంతకం అంటారట.

నా ఆధార్‌కు ఇచ్చింది మా ఆయన నంబరు. అన్నిటికీ అదే ఇచ్చేవాడు. ఆయన పోయినా ఆ చిన్న బటన్ల ఫోను ఆపబుద్ధి కాలేదు. చార్జింగు పెడుతూ, రీచార్జి చేయిస్తూ సంచిలోనే మోస్తున్నాను. సంచిలో అది టింగుమంది. కూతురు చెయ్యి చాపింది, నేనివ్వలేదు. ఆయన ఫోను నా చేతిలో పట్టుకుని, ఆరంకెలూ ఒక్కొక్కటే నేనే చదివాను.

"అయిపోయింది బేన్," అన్నారాయన.

అప్పు మంజూరైంది. మొదటి విడత ఫీజు మాత్రం మేమే కట్టుకోవాలి. కూతురు నన్ను అడగలేదు, అడగదని తెలుసు. నాదని రాసిచ్చిన తర్వాత ముట్టకుండా ఉండటానికి నాకు కారణం లేదు. సోమవారం ఒక్కదాన్నే బ్యాంకుకు పోయాను. అక్కడివాళ్లు కాగితం నింపిపెట్టారు, కింద తెలుగులో సంతకం చేశాను. టోకెను ఇచ్చారు. నా ముందు ఇద్దరే ఉన్నారు. నోట్లు చేతికిస్తూ, "లెక్క చూసుకోండి మాసీ," అంది కౌంటరులోని అమ్మాయి. చూసుకోకుండానే సంచిలో పెట్టుకుని బయటికొచ్చాను. మా ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయే ఆటో ప్రతిసారీ ఈ గేటు ముందు నుంచే పోయేది.

లోపలికి వెళ్లి బయటికి రావడానికి పది నిమిషాలు పట్టలేదు.

కూతురు బార్డోలీ హాస్టల్లో చేరింది. మళ్లీ కార్తీకం వస్తోంది, దూది తెచ్చాను. పొద్దున దణ్ణం పెట్టుకునేటప్పుడు అన్నిటికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పుకుంటాను. మా అమ్మకు, బూడిదకు, మొదటి పావుకిలో దూది తెచ్చిపెట్టిన ఆయనకు, సీటు నిలబెట్టినందుకు. అన్నీ చెప్పుకుంటూ ఆ పది నిమిషాల దగ్గరికి వస్తాను. అక్కడ మాట రాదు. వేళ్లకు బూడిద అద్దుకుని పని మొదలుపెడతాను.