సుగుణమ్మ టైపు చేయని పిటిషన్

దిల్‌సుఖ్‌నగర్‌లో చాయ్ ఇప్పుడు కాగితపు కప్పులో ఇస్తున్నారు. మూడో గుక్కకు అట్టపెట్టె నానబెట్టి తాగుతున్నట్టు ఉంటుంది. ధర మాత్రం గట్టిగానే ఉంది. నిన్న ఆ తడి కాగితం వాసన తగలగానే సుగుణమ్మ షాపు గుర్తొచ్చి, చాయ్‌తో పాటు కోపమూ వేడిగా దిగింది.

ఎల్బీనగర్ కోర్టు ఎదురుగా ఆమెది ఒక గది టైపు షాపు. వానాకాలం గోడలు చెమ్మెక్కి ఫైళ్లన్నీ అదే వాసన కొట్టేవి. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక వకీళ్లకు పిటిషన్లు టైపు చేసేది. నేను వెళ్లేనాటికి నా కోచింగ్ సెంటర్ మూతపడింది. ఉద్యోగం ఎలా సంపాదించాలో నేర్పే సంస్థ; యజమానికి ఆ కోర్సు లేదు. బ్యాంకు, ఫోన్ యాప్‌లు, చేబదుళ్లు కలిపి అప్పులవాళ్లు ఏడుగురు. యాప్ వాళ్లు మా అమ్మకు ఫోన్ చేసి ఆమె పెంపకం మీద అభిప్రాయం చెప్పారు. సగం మాఫీ చేయిస్తానని సెటిల్‌మెంట్ ఏజెంటు ఒకడు ముందే ఫీజు తీసుకుని ఫోన్ ఆపేశాడు. అలా అప్పు ఇంకాస్త పెరిగింది.

ఇక ఐపీ ఒక్కటే దారి అనుకున్నాను. తీర్చలేనని కోర్టులో ఒప్పుకుంటూ వేసే దివాలా పిటిషన్ అది. మా వాళ్ల నోట మాత్రం ‘ఐపీ పెట్టిండు’ అంటే అందరినీ ముంచి ఉడాయించాడని అర్థం. నేనూ ఆ అర్థంలోనే తయారై వెళ్లాను: అబ్దుల్లాపూర్‌మెట్ ప్లాటు ముందు భార్య పేరిట రాసి, తర్వాత చేతులెత్తేయడం.

నా పథకమంతా విని సుగుణమ్మ అడిగింది: “ప్లాటు ఎన్నడు రాసిచ్చినవ్ బిడ్డ?”

“ఇంక రాయలేదమ్మా. వచ్చే వారం రాస్త.”

“జడ్జి ముందుగాల గదే అడుగుతడు. దొంగ కాయితాలు నేను టైపు చెయ్య.” కళ్లజోడు సర్దుకుని, నేను రాసుకెళ్లిన అప్పులవాళ్ల జాబితా చదివింది. “గీ ఏడో ఆమె ఎవరు?”

“లక్ష్మమ్మ. మా సెంటర్ ఊడ్చేది. ఇల్లు కట్టుకుందామని దాచుకున్నవి ఇచ్చింది.”

“ఐపీ అయితే ఈమెవి గుడ మునుగుతయ్. యాదుందా?”

ఉంది. అందుకే ఆఖర్న రాశాను.

ఆమె మిగతా దారులు చెప్పింది. బ్యాంకుకు నేనే వెళ్లి, ఒకేసారి కడతాను తగ్గించమని అడగాలి; ఎంత తగ్గించారో బ్యాంకు వాళ్లు రాసివ్వనిదే పైసా కట్టకూడదు; ఆ తర్వాత కొన్నేళ్లు ఎవరూ లోను ఇవ్వకపోవచ్చు. ప్లాటు అమ్మి కట్టినా సరిపోకపోతే, ఏదీ దాచకుండా ఐపీ. “గట్ల పెడితే తప్పు కాదు,” అంది.

ప్లాటు అమ్మాను. బ్యాంకు తగ్గించింది. యాప్‌లకు పూర్తిగా కట్టాను, ఎందుకంటే వాళ్లు అరిచారు. అరవని లక్ష్మమ్మకు సగమే మిగిలింది. మిగతా సగం అడుగుతుందేమోనని ఆమె ఉండే సందు వైపు వెళ్లడం మానేశాను. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానన్నాను. సెంటరే లేనివాడికి మీటింగులు బాగానే ఉండేవి.

ఆ తర్వాత స్వీట్ల డబ్బాతో సుగుణమ్మ దగ్గరికి వెళ్లి, ఐపీ పెట్టకుండానే బయటపడ్డానని చెప్పాను, కాస్త ఛాతీ విరుచుకునే. ఆమె ఏడో పేరు సంగతి అడిగింది. చెప్పాను. డబ్బా మూత తీయలేదు.

ఆమె పోయి మూడేళ్లు. ఏజెంటు మీద, యాప్‌ల మీద కోపం చల్లారింది. ఆమె మీద చల్లారలేదు. ఒకటో తారీఖున లక్ష్మమ్మ ఇంటికి నేనే వెళ్లి కొంత కొంత కడుతున్నాను. వెళ్లిన ప్రతిసారీ సుగుణమ్మ ఆ రోజన్న మాట నాకంటే ముందు గడప దగ్గర ఉంటుంది:

“ఐపీ పెట్టినోడు నలుగురి ముంగట నిలవడి నాతోని కాదన్నడు. నువ్వు ఆమెకు గా మాట గుడ చెప్పలే.”