పొట్టకి కట్టిన గుడ్డ

పాప పుట్టిన రోజు మధ్యాహ్నం నా పొట్టకి గుడ్డ కట్టింది ఇద్దరు. ఒక కొస అమ్మ పట్టుకుంది, రెండో కొస ఆసుపత్రి ఆయమ్మ పట్టుకుంది. అది అమ్మ పాత నేత చీర. నిలువుగా చింపి పామర్రు నుంచి ముందే తెచ్చి పెట్టుకుంది. మంచానికి చెరోవైపు నిలబడి ఇద్దరూ లాగి ముడి వేశారు. మా వైపు బాలింత పొట్ట లోపలికి పోవాలంటే ఇలా కట్టాల్సిందే.

"గట్టిగా లాగండమ్మగారూ, అమ్మాయి మళ్ళీ పెళ్ళినాటి జాకెట్లు తొడుక్కోవద్దూ?" అంది ఆయమ్మ. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కింద కుట్లు లాగాయి.

బెంజ్ సర్కిల్ వెనక వీధిలో చిన్న ఆసుపత్రి అది. ఆయమ్మ నోరు ఊరుకునేది కాదు. "డాక్టరమ్మ బిడ్డని చూస్తారు, సిస్టరు బీపీ చూస్తారు. లోపలికెళ్ళింది బయటికొచ్చిందా లేదా అన్నది మాత్రం నా డిపార్ట్‌మెంటు" అనేది. కాన్పయ్యాక మొదటిసారి యూరిన్‌కి వెళ్ళేటప్పుడు తనను పిలవాలని, తను చూశాకే బెడ్‌పాన్ పారబోయాలని రెండుసార్లు చెప్పింది.

అమ్మకి ఆ మాట నచ్చలేదు. మన పిల్ల ఒంటేలు మరొకరు చూడటమేమిటని ఆమె బాధ. పైగా బాలింతకి నీళ్ళెక్కువ పట్టించకూడదని అమ్మ నమ్మకం. వేడినీళ్ళు గుక్కెడు గుక్కెడుగా ఇచ్చి గ్లాసు వెనక్కి లాక్కునేది.

సాయంత్రమవుతున్నా నాకు వెళ్ళాలనిపించలేదు. నడుము కింద భాగమంతా నాది కానట్టు ఉంది. ఆయమ్మ వచ్చి పరామర్శకి వచ్చిన వాళ్ళను బయటికి పంపి తెర లాగింది. పాన్‌ని వేడినీళ్ళతో కడిగి, తుడిచి, నా నడుము కింద చెయ్యి వేసి నెమ్మదిగా జరిపింది. తల కింద దిండ్లు పెట్టి కూర్చున్నట్టు లేపింది. గోరువెచ్చటి నీళ్ళు కొంచెం కొంచెంగా పోసింది. బాత్రూములో కుళాయి విప్పి వదిలింది.

"ఆ చప్పుడు విను తల్లీ. నన్ను చూడకు, సిగ్గుపడితే రాదు."

కుళాయి పారుతూనే ఉంది. కుట్లు మండుతాయన్న భయంతో నేను లోలోపల బిగుసుకుపోయాను. ఏమీ రాలేదు. "కాసేపాగి మళ్ళీ చూద్దాం. ఈలోగా ఏమైనా వస్తే పిలవండి" అని వెళ్ళింది.

కాసేపటికి కింద తడిగా అనిపించింది. అమ్మ చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. తడి గుడ్డ తీసేసి, పొడిది పెట్టి, తడిదాన్ని చుట్టి కవర్లో పడేసింది. పక్క గదికి పాన్ తీసుకెళ్తున్న ఆయమ్మని గుమ్మంలోంచే పిలిచింది.

"వెళ్ళిందమ్మా మా అమ్మాయి."

"పాన్‌లోనేనాండీ?"

"గుడ్డలోనే. బాగానే తడిసిందిలే."

పక్క గదిలో ఎవరో కేకేస్తున్నారు. "సరేనండీ, మంచిది" అంటూ ఆయమ్మ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తడి ఆగలేదు. కొద్దికొద్దిగా నాకు తెలియకుండానే వస్తోంది. వస్తోంది కదా అని ఎవరమూ భయపడలేదు. పొట్ట మాత్రం బిగుస్తోంది. "గాలి చేరుతోంది, ముడి సడలినట్టుంది" అని అమ్మ గుడ్డ విప్పకుండానే ఇంకా బిగించి రెండో ముడి వేసింది. పాప పాలు తాగడం లేదు. నాకు చెమటలు పడుతున్నాయి. కింద పెట్టిన గుడ్డ ఎర్రబడుతోంది. బాలింతకి అలాగే ఉంటుందని అమ్మ, అలాగే ఉంటుంది కాబోలని నేను.

డ్యూటీ దిగే ముందు ఆయమ్మ పక్కగుడ్డలు మార్చడానికి వచ్చింది. తన ఆడపడుచు గురించి ఏదో చెబుతూ దుప్పటి ఎత్తింది. మాట మధ్యలో ఆగిపోయింది. ఆ రోజంతా ఆగని నోరు ఆగిపోవడంతో నాకు మొదటిసారి భయం వేసింది.

ముడి విప్పబోయింది. రాలేదు. కత్తెరతో గుడ్డ కత్తిరించింది. నా పొట్ట ఒక పక్కకి ఒరిగి, బొడ్డు పైదాకా బిందెలా లేచి ఉంది. ఆవిడ అరచేయి ఆనించిందో లేదో నేను అరిచాను.

"సిస్టర్! పైపు తీసుకురండి, త్వరగా!"

సిస్టరు యూరిన్ పైపు వేసింది. ఆయమ్మ నా మోకాలిని తన పొట్టకి ఆనించుకుని పట్టుకుంది. "ఊపిరి వదులు తల్లీ, వదులు" అంటూనే ఉంది. బ్యాగు నిండిపోయింది. పారబోసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ నిండింది. అటు పరుగున వచ్చిన డాక్టరమ్మ పొట్ట నొక్కుతుంటే వెచ్చగా నెత్తురు గడ్డలు జారడం తెలుస్తోంది. నిండిన మూత్రసంచి గర్భసంచిని పక్కకి నెట్టేసిందని, అందుకే అది ముడుచుకోక నెత్తురు పోతోందని ఆవిడ సిస్టరుతో అంటోంది. నెత్తురు ఆగకపోతే థియేటర్‌కి తీసుకెళ్ళాలంది. మూలన పాపని ఎత్తుకుని అమ్మ నిలబడి ఉంది. పాప ఏడుస్తోంది. నేను దాని వైపే చూస్తూ ఉన్నాను.

నెత్తురు ఆగింది.

"తడిసింది కదండీ, వెళ్ళిందనే అనుకున్నా" అంది అమ్మ.

"వెళ్ళలేదమ్మగారూ, నిండిపోయి పొర్లింది. మీరన్నారని నేనూ చూడకుండా సరేనన్నా" అంది ఆయమ్మ, నేల మీది నెత్తురు తుడుస్తూ. ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ ఎవరు ఏం చెప్పినా తను చూడకుండా నమ్మలేదు. పైపు చుట్టూ శుభ్రం చేసేది, బ్యాగు మంచం కన్నా కిందికే వేలాడదీసేది. మోషన్‌కి భయపడి నేను తిండి మానేస్తే, "ముక్కొద్దు, కాళ్ళు ఆనించుకుని కూర్చో, అదే వస్తుంది" అని తలుపు గడియ వేయనివ్వకుండా బయట నిలబడేది.

పాప ఇప్పుడు బోర్లా పడుతోంది. నాకు మాత్రం యూరిన్ వస్తున్నట్టు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. సంచి సాగిపోయిందట, తిరిగి తెలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. పాప పాలకి లేచినప్పుడల్లా గుర్తుపెట్టుకుని నేనూ వెళ్ళి వస్తాను. ముందు దాని లంగోటా తడిమి చూస్తాను. పొడిగా ఉంటే తడిసేదాకా నిద్ర పట్టదు. అలా మెలకువగా ఉన్నప్పుడే ఇది రాస్తున్నాను.

చెల్లికి నెలలు నిండాయి. అదీ నేనూ ఇప్పుడు అమ్మ దగ్గరే, పామర్రులో ఉన్నాం. నిన్న దండెం మీద ఆ గుడ్డ కనిపించింది. కత్తిరించిన చోట కలిపి కుట్టి, గంజి లేకుండా ఉతికి ఆరేసింది అమ్మ.

"అదెందుకు తీశావమ్మా?"

"చెల్లికి. పాతదైతే మెత్తగా ఉంటుందే."

"నాకేమైందో చూశావుగా!"

"గుడ్డ వల్లనా? నీకు ఒంటేలు బిగిసింది, అది వేరు. నీ పొట్ట చూసుకో, ఎంత చక్కగా లోపలికి పోయిందో."

చెల్లికి అంతా చెప్పాను. మొదటిసారి ఆయమ్మ కళ్ళెదుట పాన్‌లో వెళ్ళాలని, తడిస్తే వెళ్ళినట్టు కాదని చెప్పాను. "నువ్వు మరీ భయపెడతావే అక్కా" అని నవ్వింది. దండెం మీది గుడ్డ తీసి నా మంచం కింద పెట్టెలో దాచేశాను. సాయంత్రం అమ్మ వెతికింది, నన్నేమీ అడగలేదు.

ఇందాక పాపకి పాలిస్తుంటే పక్క గదిలోంచి చీర చింపుతున్న చప్పుడు వినిపించింది. కొస నుంచి కొస దాకా, బారుగా, ఆగకుండా.